నిస్బత్ నికాహ్ కాదు

మా ఉర్దూ మీడియం బడిలో లెక్కల సార్ నిష్పత్తిని ‘నిస్బత్’ అని చెప్పేవారు. ఇంటికొస్తే అదే మాటకి ఇంకో మానీ. ఫలానా వాళ్లమ్మాయికి నిస్బత్ కుదిరిందట అని అమ్మీ అంటే పెళ్లి సంబంధం అన్నమాట. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక గానీ నా నోటికి ‘నిష్పత్తి’ పట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత మొన్నొక రాత్రి, ఇషా నమాజ్ అయ్యాక, మా వన్ టౌన్‌లో ఒక ఇంటి వరండాలో కూర్చుంటే ఆ రెండు మానీలూ ఒకేసారి నా ముందుకొచ్చాయి.

ఆ ఇల్లు మా ముహల్లా టైలర్ భాయ్‌ది. వయసు యాభై రెండు. పేరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాయమన్నాడు. కిందటేడాది మెడకి కుడి పక్కన గిల్టీ వచ్చింది. తెలుగు పెద్దవాళ్లు బిళ్ల కట్టింది అంటారే, అది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. దగ్గర్లో ఒక ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేస్తే కరిగినట్టే కరిగి మళ్లీ వచ్చింది. ఇంకోచోట టీబీ అన్నారు. ముక్క తీసి పరీక్ష చేయకుండానే నాలుగు నెలలు టీబీ దవా మింగించారు. ఈలోపు చంకలో ఇంకో రెండు బిళ్లలు, రాత్రిళ్లు పరుపు తడిసేంత చెమట, ఎనిమిది కిలోల బరువు తగ్గడం. చివరికి గడ్డ మొత్తం తీసి బయాప్సీకి పంపితే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా అని తేలింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద, ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మొదటి కీమో అయింది.

ఆ రాత్రి నన్ను పిలిచింది కొడుకు. డిగ్రీ చదువుతున్న కుర్రాడు. ఫోన్ నా చేతికిచ్చి, “చాచా, మీరు పేపర్లో పనిచేస్తారు కదా, ఈ ఇంగ్లీషు ఒకసారి చూడండి” అన్నాడు. వాళ్ల అబ్బా రక్త పరీక్ష రిపోర్టు పక్కన పెట్టుకుని లింఫోసైట్ల శాతాన్ని మోనోసైట్ల శాతంతో భాగించాడు. 4 బై 6. జవాబు 0.67. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక వైద్య వ్యాసంలో 1.1 కంటే తక్కువుంటే బతికే అవకాశాలు తగ్గుతాయని ఉంది.

టైలర్ భాయ్ కుట్టుమిషన్ మీద చెయ్యి ఆనించుకుని అంతా విన్నాడు. “ఛోడ్ దో భాయ్. ఇంట్లో ఆడపిల్ల నిస్బత్ ఖాయమై ఉంది. ఆస్పత్రికి తిరగడానికీ తిండికీ ఆ పైసలే పోతున్నాయి. మిషన్ మీద కూర్చుని రెండు నెలలైంది. అంకె చెప్పేసింది కదా, ఇంకెందుకు?” అన్నాడు.

భాభీ తలుపు చాటున నిలబడి ఏడుస్తోంది. ఇంట్లో రెండు నిస్బత్‌లు. ఒకటి నిలబడాలంటే ఇంకోదాని మాట విని ఇలాజ్ ఆపేయాలని ఆయన హిసాబ్.

నేను డాక్టర్‌ని కాను. పాతికేళ్లుగా ఖబర్లు రాసేవాణ్ని. ఖబర్‌కీ ఫైసలాకీ ఉన్న తేడా నాకు తెలుసు. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన ఎవరూ ముజ్రిమ్ అయిపోరు. రక్తకణాల నిష్పత్తి కూడా ఎఫ్‌ఐఆర్ లాంటి కాగితమే. అందులో విషయం ఉంది, కాని అది తీర్పు కాదు. ఇది డాక్టర్లకి తెలుసు. మరీజుకి ఎవరూ చెప్పడం లేదు. నా షికాయత్ అదే.

ముందు ఈ నిష్పత్తి ఏమిటో చూద్దాం. మనం సీబీపీ అనే మామూలు రక్త పరీక్షలో తెల్ల కణాల లెక్క ఉంటుంది. అవి ఒంట్లో ఫౌజ్. ఆ ఫౌజ్‌లో దళాలున్నాయి. న్యూట్రోఫిల్స్ ముందు పరుగెత్తుకొచ్చే సిపాయిలు. పుండు పడినా జ్వరం వచ్చినా వీటి సంఖ్య పెరుగుతుంది. లింఫోసైట్లు దుష్మన్‌ని గుర్తుపట్టి, గుర్తుపెట్టుకుని కొట్టేవి. మోనోసైట్లు రక్తంలోంచి కండలోకీ గడ్డలోకీ వెళ్లి మాక్రోఫేజ్‌లుగా మారి చెత్త ఎత్తిపోసేవి. న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగిస్తే ఒక నిష్పత్తి. లింఫోసైట్లని మోనోసైట్లతో భాగిస్తే ఇంకొకటి. ఒక రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 72 శాతం, లింఫోసైట్లు 16, మోనోసైట్లు 9 ఉన్నాయనుకోండి. మొదటిది 4.5, రెండోది 1.78. అయిదో తరగతి హిసాబ్.

దీన్ని ఎవరో గాల్లోంచి పట్టుకురాలేదు. 2001లో స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో జహోరెత్స్ అనే డాక్టర్, ఐసీయూలో ఉన్నవాళ్ల ఒంట్లో ఎంత అలజడి ఉందో తెలుసుకోవడానికి న్యూట్రోఫిల్స్, లింఫోసైట్ల నిష్పత్తి పనికొస్తుందని రాశారు. లింఫోమాలో లింఫోసైట్ల మాట ఇంకా పాతది. 1998లో హాసెన్‌క్లేవర్, డీల్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు ముదిరిన హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్న 5,141 మంది వివరాలు పరిశీలించి ఏడు అంశాల స్కోరు తయారుచేశారు. వయసు 45 దాటడం, మగవాడు కావడం, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గడం లాంటివి అందులో ఉన్నాయి. లింఫోసైట్లు 600 కంటే లేదా తెల్ల కణాల్లో 8 శాతం కంటే తగ్గడం కూడా ఆ ఏడింటిలో ఒకటి. 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి పొరాటా బృందం 476 మంది హాడ్జ్‌కిన్ మరీజుల లెక్కలు తీసి, జబ్బు బయటపడిన రోజున లింఫోసైట్లు, మోనోసైట్ల నిష్పత్తి 1.1 కంటే తక్కువున్నవాళ్లు మిగతావాళ్లంత కాలం బతకలేదని చూపించింది. మన కుర్రాడి ఫోన్‌లో ఉన్న 1.1 ఇదే.

ఎందుకిలా? ఒంట్లో మంచి లింఫోసైట్లు తక్కువున్నాయంటే కాన్సర్‌తో కొట్లాడే బలం తగ్గిందని అర్థం. ఇక మోనోసైట్లు. గడ్డ వాటిని తన దగ్గరికి పిలిపించుకుని తనకే నౌకర్లుగా చేసుకుంటుంది. అవి మాక్రోఫేజ్‌లై గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగడానికీ, దేహం ఫౌజ్‌ని దూరంగా ఉంచడానికీ సాయపడతాయి. 2010లో కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు హాడ్జ్‌కిన్ గడ్డల ముక్కలు చూసి, మాక్రోఫేజ్‌లు ఎక్కువున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేల్చారు. గడ్డలో జరుగుతున్న ఆ దగాకి రక్తంలో కనిపించే నీడ ఈ నిష్పత్తి.

మా నానా కాలంలో హకీం సాబ్ మణికట్టు పట్టుకుని నబ్జ్ చూసి మిజాజ్ చెప్పేవారు. ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా, ఈ నాలుగింటి పాళ్లు తప్పితే జబ్బు అని యూనానీ మాట. ఆ నాలుగు ఖిల్త్‌ల సిద్ధాంతం ఇవాళ నిలబడదు. కాని ఒంట్లో ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది అని అడగడం మనకి కొత్త కాదు. అందుకే ఈ నిష్పత్తి మనవాళ్ల మనసుకి అంత తొందరగా ఎక్కుతుంది.

పైగా ఇది దాదాపు ముఫ్త్. పెట్-సీటీ స్కాన్‌కి వేలకి వేలు పోయాలి. సీబీపీ కొన్ని వందల్లో అయిపోతుంది. కీమోకి ముందు ఎలాగూ చేస్తారు కాబట్టి నిష్పత్తికి కొత్తగా ఒక్క రూపాయి అక్కర్లేదు. మనలాంటి గరీబ్ ముహల్లాలకి ఇది మంచి ఖబర్ అని నేనూ ఒప్పుకుంటాను. నిష్పత్తి బాగాలేని మరీజుని డాక్టర్ ఇంకాస్త దగ్గరగా చూడొచ్చు. అతను ఒక అపాయింట్‌మెంట్‌కి రాకపోతే ఫోన్ చేసి పిలిపించొచ్చు. చవకైన అంకె కదా అని చిన్నచూపు చూడక్కర్లేదు.

అయితే ఆ చవకైన అంకె ఎన్నిరకాలుగా దగా చేస్తుందో తెలియకుండా దాన్ని పట్టుకుని ఇంట్లో మష్వరా పెట్టుకోవడం ఖతర్నాక్. టైలర్ భాయ్ సంగతే చూడండి.

మర్నాడు ఫైల్ మొత్తం పట్టుకుని నేనూ వాళ్లతో ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరమ్మ రిపోర్టు మీద తేదీ చూసి, “ఇది కీమో మొదలుపెట్టిన మూడో రోజుది కదా బాబూ” అంది. ఆ కీమోలో అయిదు రోజులు ప్రెడ్నిసొలోన్ మాత్రలుంటాయి. అది స్టెరాయిడ్. స్టెరాయిడ్ పడగానే రక్తంలో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు పడిపోతాయి. కుర్రాడు లెక్కగట్టింది జబ్బు నిష్పత్తిని కాదు, మాత్రల నిష్పత్తిని. ఈ పరిశోధనలన్నీ జబ్బు బయటపడినప్పటి రక్తం మీద, ఇలాజ్ మొదలుకాకముందు చేసినవి. ఇంకో సంగతి. 1.1 అనే హద్దు హాడ్జ్‌కిన్ లింఫోమాది. వాళ్ల అబ్బాది హాడ్జ్‌కిన్ కాదు. ఒక జబ్బు కొలత ఇంకో జబ్బుకి పెట్టాడు. టైలర్ కొడుకు కదా, ఒకరి కొలతతో ఇంకొకరికి షేర్వానీ కుడితే ఏమవుతుందో వాడికి చెప్పక్కర్లేదు. సిగ్గుపడ్డాడు.

కీమోకి ముందు రిపోర్టు తీసి చూస్తే నిష్పత్తి 1.78. నేను ఊపిరి పీల్చుకోబోయాను. డాక్టరమ్మ తల ఊపింది. “ఇది కూడా అంత గొప్ప అంకె కాదు. అబద్ధం చెప్పను. కాని దీన్ని చూసి నేను మందు మార్చను, మీరు మందు మానకూడదు” అంది. ఆ మాట నాకు నచ్చింది. అంకె బాగుందని ధైర్యం చెప్పి ఉంటే, రేపు ఇంకో అంకె బాగాలేనప్పుడు ఆ ధైర్యం ఉండేది కాదు.

స్టెరాయిడ్ మాట ఆస్పత్రితో అయిపోదు. మన వీధుల్లో ఒళ్లునొప్పులకీ, ఆయాసానికీ, జ్వరానికీ, బిళ్లలకీ ఆర్‌ఎంపీలు వేసే ఇంజెక్షన్లలో డెక్సామెథసోన్ ఎంత ఉంటుందో వాడకందార్లకి తెలీదు. దానితో రక్తం లెక్క తారుమారవుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి తాత్కాలికంగా చచ్చిపోతాయి. గడ్డ కరిగి తగ్గిందని మనం ఖుషీ అవుతాం. ఆ సమయంలో బయాప్సీ చేస్తే జబ్బు సరిగా దొరక్కపోవచ్చు. టైలర్ భాయ్ గిల్టీ ఒక ఇంజెక్షన్‌తో కరిగి మళ్లీ రావడం గుర్తుందా? ఆ ఇంజెక్షన్‌లో ఏముందో ఏ చీటీ మీదా లేదు.

జ్వరాల సంగతీ అంతే. డెల్టాలో వానాకాలం వస్తే డెంగీ, టైఫాయిడ్ మామూలే. ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఈ దళాల పాళ్లు మారిపోతాయి. టీబీలో కూడా మోనోసైట్లు, లింఫోసైట్ల నిష్పత్తి మారుతుందని అమెరికాలో ఫ్లారెన్స్ సాబిన్ బృందం 1920లలోనే కుందేళ్ల మీద చూసింది. కాబట్టి మెడ మీద బిళ్ల టీబీదా, లింఫోమాదా అని నిష్పత్తి చెప్పలేదు. ప్రపంచంలోని టీబీ మరీజుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి డాక్టర్‌కి ముందు టీబీ గుర్తురావడం తప్పు కాదు. ముక్క తీసి చూడకుండా నెలలకి నెలలు దవా మింగించడమే తప్పు. సూది గుచ్చి నాలుగు కణాలు లాగే పరీక్ష కూడా లింఫోమాకి చాలా సార్లు సరిపోదు. గడ్డ మొత్తాన్నో, పెద్ద ముక్కనో తీసి చూడాల్సిందే.

ల్యాబ్ మిషన్ గొడవ ఒకటుంది. రక్తకణాల్ని మిషన్‌తో లెక్కపెట్టే పద్ధతికి అమెరికన్ ఇంజినీర్ వాలెస్ కూల్టర్ 1953లో పేటెంట్ తీసుకున్నాడు. సన్నని రంధ్రంలోంచి కణం దాటేటప్పుడు కరెంటులో వచ్చే మార్పుని బట్టి అది లెక్కపెడుతుంది. చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ త్రీ పార్ట్ మిషన్లున్నాయి. అవి తెల్ల కణాల్ని సైజుని బట్టి మూడు కుప్పలు చేస్తాయి. మధ్య కుప్పకి ‘మిడ్’ అని పేరు. అందులో మోనోసైట్లతో పాటు ఇంకో రెండు రకాలు కలిసిపోతాయి. ఆ మిడ్ అంకెని మోనోసైట్లనుకుని భాగిస్తే వచ్చేది గలత్ జవాబు. ఫైవ్ పార్ట్ మిషనో, మైక్రోస్కోపు కింద స్లైడ్ చూసే మనిషో కావాలి. రిపోర్టు కాగితం రెండిటికీ ఒకేలా ఉంటుంది. మరీజుకి తేడా ఎక్కడ తెలుస్తుంది?

ఇన్ని దాటుకుని నిష్పత్తి సరిగ్గానే వచ్చిందనుకుందాం. అప్పుడైనా అది ఫైసలా అవుతుందా? హద్దు ఎక్కడ గీయాలో పరిశోధకుల్లోనే ఇత్తెఫాక్ లేదు. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా మీద వచ్చిన అధ్యయనాల్లో కొన్ని 2 చుట్టుపక్కల గీశాయి, కొన్ని 3 దాటించాయి. చాలావరకు పాత ఫైళ్లు తిరగేసి, ఆ జనాభాకి ఎక్కడ గీస్తే తేడా బాగా కనబడుతుందో అక్కడ గీసినవి. టైలర్ భాయ్ 1.78 ఒక దేశంలో ఫెయిల్, ఇంకో దేశంలో బార్డర్. ఈ నిష్పత్తిని చూసి మందు మార్చమని గానీ మానమని గానీ చెప్పే ప్రామాణిక మార్గదర్శకం లేదు. డాక్టర్లు ఇవాళ్టికీ ముందు చూసేది 1993 నాటి ఐపీఐ స్కోరునే. వయసు అరవై దాటిందా, ఎల్‌డీహెచ్ పెరిగిందా, మనిషి తన పని తాను చేసుకుంటున్నాడా, జబ్బు మూడో నాలుగో స్టేజీలో ఉందా, గ్రంథులు కాక ఇతర అవయవాల్లో ఒకటికి మించి పాకిందా, ఇవే ఆ అయిదు ప్రశ్నలు.

ఆ స్కోరు నేర్పిన సబక్ ఒకటుంది. దాన్ని తయారుచేసినప్పుడు రిటుక్సిమాబ్ అనే మందు వాడుకలో లేదు. 1997లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. పాత కీమోకి దాన్ని కలిపితే పెద్ద వయసువాళ్లు కూడా ఎక్కువమంది బతుకుతున్నారని 2002లో ఫ్రెంచ్ డాక్టర్లు 399 మంది మీద నిరూపించారు. 2007లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ దానికి బయోసిమిలర్ తెచ్చి, అసలు మందు కంటే తక్కువ ధరకి అందించింది. అదే సంవత్సరం కెనడాలో సేన్ బృందం, కొత్త మందు తీసుకున్న 365 మందిని పాత స్కోరుతో మళ్లీ లెక్కేసింది. అన్నింటికంటే బాగాలేని గుంపులో కూడా నాలుగేళ్ల తర్వాత 55 శాతం మంది బతికే ఉన్నారు. స్కోరులో ప్రశ్నలు అవే, దవా మారింది, జవాబు మారింది. పాత మరీజుల లెక్కతో రాసిన అంకె కొత్త దవా తీసుకుంటున్నవాడికి అచ్చంగా వర్తించదు.

ఆ 55 శాతాన్నే చూడండి. వందమందిలో యాభై అయిదుగురు ఉన్నారు, నలభై అయిదుగురు లేరు. టైలర్ భాయ్ ఏ గుంపులో ఉంటాడు? స్కోరు చెప్పదు, నిష్పత్తి చెప్పదు. అవి మజ్మా గురించి మాట్లాడతాయి. ఆయనకి కావాల్సింది తన ఒక్కడి సంగతి. ఇక ఇలాజ్ మానేస్తే? ఆ 55 లెక్కే ఆయనకి వర్తించదు. ఎందుకంటే అది దవా తీసుకున్నవాళ్ల లెక్క. కుర్రాడి ఫోన్‌లోని వ్యాసం చూసి ఇలాజ్ ఆపేయాలనుకోవడంలో ఉన్న అసలు గలత్‌ఫహ్మీ ఇదే.

బెజవాడ వాళ్లకి ఇది వరద భాషలో చెప్పొచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. ఆ హెచ్చరిక వింటే నది ఒడ్డు జనం ఏం చేస్తారు? సామాను మూట కట్టుకుని మిట్ట మీదికి పోతారు. ఎలాగూ మునుగుతాం కదా అని మంచం మీద పడుకోరు. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. రికార్డు. ఊరంతా కృష్ణ వైపే చూస్తోంది. సింగ్‌నగర్ మీదికి నీళ్లొచ్చింది మాత్రం వెనక నుంచి, బుడమేరు గండ్లలోంచి. బ్యారేజీ గేజీ అబద్ధం చెప్పలేదు. దానికి బుడమేరు తెలీదు, అంతే. రక్తకణాల నిష్పత్తి కూడా తాను కొలిచేదాన్నే చెబుతుంది. గడ్డలో ఏ జన్యువు మారింది, రెండు కీమోల తర్వాత గడ్డ ఎంత కరిగింది, మరీజు ఆరు కీమోలూ టైముకి తీసుకున్నాడా, మధ్యలో పైసల్లేక ఆగిపోయాడా, ఇవేవీ దానికి తెలీవు.

ఇక తక్దీర్ మాట. ఆ రాత్రి వరండాలో ఒక పెద్దాయన, “రాసిపెట్టి ఉంటే ఏ దవా ఆపుతుంది, సబర్ చేద్దాం” అన్నారు. ఆయన మనసు మంచిదే. నేను ఆయనకి హజరత్ ఉమర్ వాఖియా గుర్తుచేశాను. షామ్ దేశానికి వెళ్తూ సర్గ్ అనే చోట ఆగారు. ముందు ప్లేగు ఉందని ఖబర్ వచ్చింది. మష్వరా చేసి వెనక్కి తిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజరత్ అబూ ఉబైదా అడిగారు. అవును, అల్లాహ్ తక్దీర్ నుంచి అల్లాహ్ తక్దీర్ వైపే వెళ్తున్నామని ఉమర్ జవాబు. ఒక లోయకి ఒక పక్క పచ్చిక, ఇంకో పక్క బీడు ఉంటే ఒంటెల్ని ఎటు తోలినా తక్దీరే కదా అని మిసాల్ కూడా చెప్పారు. ఖబర్ విని దారి మార్చుకోవడం ఈమాన్‌కి వ్యతిరేకం కాదు. దవా కూడా తక్దీర్‌లో భాగమే. సబర్ అంటే ఆరు కీమోల వాంతులూ, రాలిన జుట్టూ, మూతపడ్డ దుకాణమూ ఓర్చుకోవడం. చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఆ మంచి మాటని వాడొద్దు.

కొందరు డాక్టర్లు అనొచ్చు, ఇవన్నీ మరీజుకి ఎందుకు చెప్పాలి, భయపడతాడు కదా అని. ఇప్పుడు చెప్పకపోతే ఫోన్ చెబుతుంది. సగం చెబుతుంది, ఇంగ్లీషులో చెబుతుంది, రాత్రి పదకొండింటికి చెబుతుంది. రిపోర్టు మరీజు చేతికిచ్చే రోజుల్లో దాని మానీ చెప్పే జిమ్మేదారీ కూడా ఆస్పత్రిదే. రెండు నిమిషాలు చాలు. ‘ఈ అంకె మాకు జాగ్రత్త చెప్పడానికి, మీకు ఉమ్మీద్ తీసేయడానికి కాదు’ అని తెలుగులోనో, ఉర్దూలోనో ఒక్క మాట.

ల్యాబుల వాళ్లకి నా విన్నపం. శాతాలతో పాటు అసలు సంఖ్యలు కూడా అచ్చువేయండి. మిషన్ త్రీ పార్టా, ఫైవ్ పార్టా రాయండి. రక్తం తీసేముందు గత పది రోజుల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ పడిందా అని అడిగి, జవాబు రిపోర్టు మీద రాయండి. ఆర్‌ఎంపీ భాయ్‌లకి కూడా. మీరు లేకపోతే మా వీధుల్లో అర్ధరాత్రి తలుపు తీసేవాడు లేడు, ఆ ఎహసాన్ మర్చిపోను. కాని రెండు మూడు వారాలు దాటినా తగ్గని బిళ్లకి ఇంజెక్షన్ వేయకండి. పెద్దాస్పత్రికి చీటీ రాసివ్వండి. ఏం మందు వేశారో కూడా ఆ చీటీ మీద రాయండి.

మన జమాత్‌లకి ఒక మాట. కార్డు కీమో ఖర్చు భరిస్తుంది. ఆటో కిరాయి, మనిషి కూలి పోవడం, గుడ్డూ పాలూ అది భరించదు. పాతరోజుల్లో మన వాళ్లు రైలెక్కి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికి, అంటే మెహదీ నవాజ్ జంగ్ పేరు మీదున్న కాన్సర్ దవాఖానాకి వెళ్లి వరండాల్లో పడుకునేవాళ్లు. ఇప్పుడు ఇలాజ్ ఊళ్లోకే వచ్చింది. అయినా మూడో కీమోకో నాలుగో కీమోకో మనిషి మాయమైపోతున్నాడంటే కారణం జబ్బు ఒక్కటే కాదు. జకాత్ పైసల్లోంచి ఆరు సార్లు దారి ఖర్చు ఇవ్వడం పెద్ద పనేం కాదు. టైలర్ భాయ్‌ని ఆ రాత్రి నిజంగా ఓడించబోయింది ఆ ఖర్చే. నిష్పత్తి దానికి బహానా మాత్రమే.

మా ఇళ్లలో నిస్బత్ కుదిరితే మిఠాయి పంచుతారు. అంతమాత్రాన నికాహ్ అయిపోయినట్టు ఎవరూ అనుకోరు. మధ్యలో చాలా పనులుంటాయి, అవి చేయాలి. ఈ నిస్బత్‌కీ అంతే.

టైలర్ భాయ్‌కి నాలుగో కీమో అయింది. మెడ మీద బిళ్ల చేతికి తగలడం లేదు. చంకలోవి బాగా తగ్గాయి. ఇంకా రెండు కీమోలున్నాయి. ఆ తర్వాత స్కాన్ ఏం చెబుతుందో అల్లాహ్‌కే తెలుసు. కొడుకు నిష్పత్తులు లెక్కపెట్టడం మానేశాడు. డాక్టరమ్మ వాడికి వేరే అంకె అప్పగించింది. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ పడిపోయే రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకితే తెల్లారేదాకా ఆగకూడదు, పారాసిటమాల్ వేసి చూద్దాం అనకూడదు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ ఒక్క అంకె పట్టించుకోక పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి. మూడో కీమో తర్వాత ఒక రాత్రి రెండింటికి 101 వచ్చింది. వాడు ఎవర్నీ అడక్కుండా ఆటో పిలిచాడు. నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించి పంపారు.

ఇప్పుడు కుట్టుమిషన్ సొరుగులో కత్తెర పక్కనే థర్మామీటర్ ఉంటుంది. పొద్దునా సాయంత్రం రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం. వెనక పేజీల్లో కూతురి పెళ్లి ఖర్చుల హిసాబ్.